అర మిల్లీమీటరు బేరం

గిటారు నేర్చుకుంటూ మధ్యలో వదిలేసిన వాళ్లని ఎక్కడ ఆగారని అడిగితే చాలామంది చెప్పే పేరు ఒకటే: ఎఫ్ కార్డు. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర అడ్డంగా పరిచి తీగల్ని అదిమిపట్టాలి, మిగతా మూడు వేళ్లూ వాటి వాటి చోట్లలో కూర్చోవాలి. వేళ్ల మీద గాట్లు పడతాయి, మణికట్టు లాగేస్తుంది, అయినా సగం తీగలు టక్కుమని ఊరుకుంటాయి. ఇది మన చేతికి రాని విద్య అనుకుని గిటారుని బీరువా మీదికి ఎక్కించేస్తారు. ఇంకా సాధన కావాలంటారు మాస్టారు. సాధన కావాల్సిందే, కాదనను. కానీ పదివేల లోపు గిటార్లలో చాలావాటికి సాధన కంటే ముందు కావాల్సింది ఆకురాయి.

మెడ చివర, తీగలు కీలవైపు వెళ్లేముందు ఆనుకునే చిన్న అడ్డపట్టీని నట్ అంటారు. చవక గిటార్లలో అది ప్లాస్టిక్. దాంట్లో ఆరు గాళ్లుంటాయి. గాడి ఎంత లోతుంటే తీగ మొదటి ఫ్రెట్‌కి అంత దగ్గరవుతుంది. మరీ లోతైతే తీగ ఫ్రెట్‌కి తగిలి బర్రుమంటుంది, కొట్లో అలా మోగిన గిటారుని ఎవరూ కొనరు. లోతు చాలకపోతే మోతలో లోపమేమీ వినపడదు, నొప్పి ఇంటికెళ్లాక తెలుస్తుంది. ఒక్కో గాడినీ ఆ తీగ మందానికి తగ్గ సన్నటి ఆకురాయితో చేత్తో సరిచేయాలంటే పనివాడి సమయం కావాలి. చవక గిటారు ధరలో ఆ సమయానికి చోటు లేదు. అందుకే గాళ్లు కాస్త పైనే ఉండిపోతాయి.

ఆ 'కాస్త' ఎంత పని చేస్తుందో లెక్క కట్టొచ్చు. మన ఊళ్లలో ఎంతోమందికి మొదటి గిటారైన యమహా ఎఫ్310నే తీసుకుందాం. నట్ నుంచి అవతల కొసన తీగల్ని పట్టుకునే బ్రిడ్జి మీద అవి ఆనే పట్టీ, అంటే శాడిల్ దాకా తీగ పొడవు 634 మిల్లీమీటర్లు. మొదటి ఫ్రెట్ నట్‌కి సుమారు 36 మి.మీ. దూరంలో ఉంటుంది. మామూలుగా వేసే 'లైట్' ఉక్కుతీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బిగువుతో లాగుతుంటాయి. బిగిసిన తీగని నడుమ నొక్కడం తేలిక, కట్టిన కొసకి దగ్గరగా నొక్కడం కష్టం. ఎందుకంటే కొస దగ్గర అదే ఎత్తుకి తీగ ఎక్కువ ఏటవాలుగా వంగాలి. మొదటి ఫ్రెట్ మీద తీగ 1 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, పది కిలోల బిగువున్న ఒక్క తీగని నొక్కడానికి సుమారు 300 గ్రాముల బలం కావాలి. అదే తీగని సరిగ్గా సగంలో, 12వ ఫ్రెట్ దగ్గర, రెండున్నర మి.మీ. నొక్కడానికి 160 గ్రాములు చాలు. ఎత్తు రెండున్నర రెట్లు, బలం సగం! ఇప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల్నీ ఒక్క వేలితో అణచాలంటే రెండు కిలోలు. నట్ గాళ్లని అర మిల్లీమీటరు దించితే ఒక కిలో. మాస్టారు ఆరు నెలల సాధనతో సాధించమన్నదాంట్లో సగం అక్కడే తేలిపోయింది.

గాళ్లు ఎత్తుగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి కొలతబద్ద కూడా అక్కర్లేదు. రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య తీగని నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో పక్కనుంచి చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే బాగున్నట్టు. ఏటీఎం కార్డు దూరేలా ఉంటే ఆ గిటారు మీ వేళ్ల మీద పగబట్టినట్టే.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. నట్ ఎత్తుగా ఉంటే శ్రుతి కూడా తప్పుతుంది. తీగని కిందికి నొక్కినప్పుడల్లా అది వెంట్రుకవాసి సాగుతుంది, సాగితే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. ట్యూనర్ పెట్టి ఖాళీ తీగలు ఆరూ సరిచేసుకున్నా సి కార్డు పట్టగానే ఏదో వెలితిగా, పుల్లగా వినపడుతుందని కొత్తవాళ్లు వాపోయేది దీనివల్లే. పాపం వాళ్లు చెవిని అనుమానిస్తారు.

ఇక్కడ ఫ్రెట్ల లెక్క కూడా చెప్పుకోవాలి. గిటారు మీద ఒక్కో ఫ్రెట్‌కీ అర్ధస్వరం పెరుగుతుంది. పన్నెండు అర్ధస్వరాలకి కంపనాల సంఖ్య రెట్టింపవ్వాలి కాబట్టి, ఒక్కో మెట్టుకీ మిగిలిన తీగ పొడవుని 17.817తో భాగించి అంత దూరం ముందుకి జరుగుతారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ స్వయంగా వీణలాంటి ల్యూట్ వాయించేవాడు. ఆయన 1581లో వచ్చిన తన గ్రంథంలో 18తో భాగించమన్నాడు. కాగితం మీద ఆ సులువు లెక్క తప్పు. ఎఫ్310 పొడవుకి వర్తింపజేస్తే 12వ ఫ్రెట్ ఉండాల్సిన చోటికి రెండు మి.మీ. పైగా వెనకబడుతుంది. తమాషా ఏమిటంటే, నొక్కినప్పుడు స్వరం పైకి పోయే దోషాన్ని ఆ పొరపాటే కొంత సర్దేస్తుంది. ఇప్పుడు యంత్రాలు ఫ్రెట్ గాళ్లని కచ్చితంగా కోస్తాయి, ఐదువేల గిటారుకైనా సరే. కాబట్టి చవక గిటార్లో దూరాలు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి, తేడా వచ్చేది ఎత్తుల్లో. వీణకైతే మెట్లు మైనంలో నిలబడతాయి, జరుపుకోవచ్చు, మళ్లీ కట్టుకోవచ్చు. గిటారు ఫ్రెట్‌ని కర్రలోకి దిగ్గొట్టాక ఇక జరపడం లేదు. సర్దుబాటంతా అటు కొస నట్ దగ్గర, ఇటు కొస శాడిల్ దగ్గర చేసుకోవాల్సిందే.

చాలామంది దృష్టి మాత్రం కర్ర మీద ఉంటుంది. కొట్లోకి వెళ్తే రోజ్‌వుడ్డా, మహాగనీయా అన్నదే మొదటి ప్రశ్న. దీనికి 1862లోనే ఒకాయన సమాధానం చెప్పాడు. నేటి క్లాసికల్ గిటారుకి రూపమిచ్చిన స్పెయిన్ పనివాడు ఆంటోనియో దె టోరెస్, పైపలకని మంచి స్ప్రూస్ కర్రతో చేసి, వెనకభాగాన్నీ పక్కల్నీ కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటారు తయారుచేశాడు. మోతకి ముఖ్యం పైపలకేనని చూపించడం ఆయన ఉద్దేశం. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకి ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే సంగతిని ఇంకో దారిలో పరీక్షించారు. వెనక, పక్కల కర్ర తప్ప మిగతాదంతా ఒకేలా ఉండే ఆరు గిటార్లు చేయించారు. ఒకటి అరుదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇంకోటి మన ఇరుగుడు, మిగతావి మహాగనీ, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకి మసక వెలుతురులో వెల్డింగు కళ్లద్దాలు తగిలించి, ఏది ఏదో తెలియకుండా వాయించమన్నారు. ఆరింటికీ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక గిటారుని ఇంకోదాన్నుంచి వేరుగా గుర్తుపట్టడం కూడా వాళ్లకి తేలిక కాలేదు. 2018లో వెలువడిన ఈ ఫలితం గిటారు వ్యాపారాన్ని ఏమీ మార్చలేదనుకోండి, అది వేరే సంగతి.

పైపలక ఎందుకంత ముఖ్యం? తీగ సన్నం. అది ఎంత ఊగినా గాలి దాని పక్కనుంచి జారిపోతుంది తప్ప పెద్దగా కదలదు. తీగ తన ఊపుని శాడిల్ ద్వారా బ్రిడ్జికి, బ్రిడ్జి ద్వారా పలకకి అందిస్తే, అంత వెడల్పున్న పలక గాలిని తోస్తుంది. ఆ పలక తేలిగ్గా ఉండాలి, కానీ 70 కిలోల లాగుడికి వంగిపోకూడదు. స్ప్రూస్ ఈ రెండు గుణాలూ ఉన్న కర్ర. నారవెంట దాని బిగి నారకి అడ్డంగా ఉండే బిగి కంటే పది రెట్ల పైమాటే. ఖరీదైన గిటార్లలో పైపలక ఒకే కర్ర ముక్కని చీల్చి జతచేసింది. చవకవాటిలో అది ప్లైవుడ్: పైన పల్చటి స్ప్రూస్ పొర, లోపల అడ్డంగా వేసిన ఇంకో కర్ర, మధ్యలో జిగురు. బరువెక్కువ, ఊపుని జిగురు కొంత మింగేస్తుంది. మోత అందుకే కొంచెం మూసుకున్నట్టుంటుంది. దాన్ని మనం ఇంట్లో మార్చగలిగింది లేదు. కానీ ప్లైవుడ్‌ని మరీ తీసిపారేయక్కర్లేదు. పొరలు అడ్డదిడ్డంగా ఉండటంవల్ల అది తేలిగ్గా చీలదు. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండ, ఆగస్టులో కాకినాడ ఉక్క రెండూ చూడాల్సిన హాస్టల్ విద్యార్థి గిటారుకి అదేమీ చిన్న గుణం కాదు.

పెట్టెలోపలి గాలికి కూడా తన స్వరం ఒకటుంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూ అన్నట్టే, గిటారు బొక్క దగ్గర నోరు పెట్టి కిందిస్థాయిలో హమ్ చేస్తూ మెల్లగా పైకి వెళ్లండి. ఒక్క స్వరం దగ్గర పెట్టె మొత్తం మీ పొట్టకి ఆనుకుని గుమ్మంటుంది. మామూలు సైజు గిటార్లలో అది సెకనుకి 100 కంపనాల చుట్టుపక్కల, ఐదో తీగ ఖాళీగా మోగే స్వరానికి కొంచెం దిగువన పడుతుంది. బొక్కని అట్టముక్కతో సగం మూసి మళ్లీ హమ్ చేస్తే ఆ స్వరం కిందికి దిగుతుంది. ప్రయోగంగా సరదాగా ఉంటుంది కానీ ఇది చూసి బొక్క పెద్దది చేద్దామని రంపం తీయకండి. పైపలకకి దన్నుగా లోపల అతికించిన బద్దల్ని చెక్కి పల్చన చేద్దామన్నదీ ఇలాంటి ఆశే. ఖరీదైన గిటార్లలో బద్దల్ని చెక్కి ఉంచుతారన్నది నిజమే. అయితే బద్ద బిగి దాని ఎత్తుకి ఘనంలో మారుతుంది. 12 మి.మీ. ఎత్తున్న బద్దలో రెండు మి.మీ. తీసేస్తే ఆరోవంతు పోయిందనుకుంటాం, పోయేది నలభై శాతం బిగి. తీసిన కర్రని తిరిగి పెట్టలేం, 70 కిలోల లాగుడు మాత్రం రాత్రీపగలూ అలాగే ఉంటుంది.

చేయదగ్గ పనుల్లో నట్ తర్వాత వచ్చేది శాడిల్. తీగలు 12వ ఫ్రెట్ మీద ఎంత ఎత్తున ఉన్నాయన్నదాన్ని యాక్షన్ అంటారు. లావాటి ఆరో తీగకి రెండున్నర మి.మీ., సన్నటి ఒకటో తీగకి రెండు మి.మీ. చుట్టూ ఉంటే వాయించడానికి హాయి. కొత్త చవక గిటార్లలో మూడున్నర, నాలుగు కనపడటం మామూలే. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక మి.మీ. దించాలంటే శాడిల్‌ని రెండు మి.మీ. అరగదీయాలి. బళ్లో చదివిన సరూప త్రిభుజాలు పనికొచ్చే అరుదైన సందర్భం ఇది. శాడిల్ తీసి, ఎంతవరకు పోవాలో పెన్సిల్‌తో గీతగీసి, అద్దం ముక్క మీద ఉప్పు కాగితం పరిచి, అడుగువైపు నుంచి మాత్రమే రుద్దాలి. పైవంపు ఫ్యాక్టరీది, దాన్ని ముట్టుకోవద్దు. అడుగు వంకరపోతే శాడిల్ గాడిలో సరిగ్గా కూర్చోదు, ఊపు పలకకి సరిగ్గా అందదు. ప్లాస్టిక్ తీసి ఎముకతో చేసినది వేస్తే మోత మెరుగవుతుందంటారు. కొంచెం తేడా ఉండొచ్చు. నా లెక్కలో మాత్రం సందు లేకుండా బిగిసి కూర్చున్న ప్లాస్టిక్, గాడిలో కదిలే ఎముక కంటే ఎంతో నయం.

శాడిల్ పైఅంచు సన్నగా, తీగ ఒక్క బిందువు దగ్గర తెగినట్టు ఆగేలా ఉండాలి. అరిగి చదునైన శాడిల్ మీద, లేదా అడుగు సరిగ్గా వాలని నట్ గాడిలో, తీగ ఊగుతూ ఉపరితలాన్ని తాకుతూ వదులుతూ జుంయ్‌మంటుంది. రిపేరువాళ్లు దాన్ని సితార్ మోత అంటారు, దోషంగా లెక్కిస్తారు. మన తంబురా, వీణల్లో అదే మోత కోసం బ్రిడ్జిని కావాలని వెడల్పుగా, వంపుగా చేస్తారు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో ఈ బ్రిడ్జిల మీద ఒక పత్రం రాశారు. తీగని ఏ బిందువు దగ్గర మీటితే, అక్కడ కదలిక ఉండకూడని ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఆ మోతలో వినపడకూడదన్నది శాస్త్రవేత్త యంగ్ చెప్పిన సూత్రం. గిటారు మీద ఇది తేలిగ్గా తెలుస్తుంది: తీగని సరిగ్గా 12వ ఫ్రెట్ పైన మీటితే సరిసంఖ్య ఉపస్వరాలు పోయి మోత బోలుగా ఉంటుంది. వీణ, తంబురాల్లో ఆ సూత్రం చెల్లడం లేదని, పోవాల్సిన ఉపస్వరాలు బలంగా వినపడుతున్నాయని, దానికి బ్రిడ్జి వంపే కారణమని రామన్ గమనించారు. ఒక వాద్యం మీద అరగదీసి పోగొట్టేదాన్ని ఇంకో వాద్యం మీద అరగదీసి తెచ్చుకుంటాం.

ట్రస్ రాడ్ గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే యాక్షన్ దించడానికి చాలామంది మొదట తిప్పేది దాన్నే. అది మెడ లోపలి ఉక్కు కడ్డీ. దాని పని మెడ వంపుని సర్దడం, ఎత్తు దించడం కాదు. మెడ పూర్తి నిటారుగా కూడా ఉండకూడదు. తీగ ఎక్కువ ఊగేది నడుమ, కాబట్టి అక్కడ కాస్త లోతు కావాలి. తీగని ఒకటో ఫ్రెట్ దగ్గరా 14వ ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కితే, తీగే కొలతబద్ద అవుతుంది. ఏడో ఫ్రెట్ దగ్గర 0.1 నుంచి 0.25 మి.మీ. సందు కనపడితే చాలు. ఎక్కువుంటే అలెన్ కీతో కుడివైపు పావు చుట్టు, అంతే. మెడ కుదురుకోవడానికి ఒక రాత్రి వదిలి మళ్లీ చూడాలి. బలంగా తిప్పాల్సి వస్తుంటే ఆపేయడం మంచిది. కొన్ని మరీ చవక గిటార్లలో తిప్పడానికి వీలైన రాడ్డే ఉండదు.

తీగల సంగతి. కొత్త గిటారుతో వచ్చిన తీగలు కొట్లో ఎన్నాళ్లు వేలాడాయో ఎవరికీ తెలియదు. చుట్టుతీగల సందుల్లో చెమట, మట్టి చేరితే పై ఉపస్వరాలు చచ్చిపోతాయి, బరువు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అయ్యి శ్రుతి కూడా నిలవదు. కొన్ని వందల రూపాయల కొత్త సెట్టు ఇచ్చేంత తేడాని ఈ ధరలో ఇంకేదీ ఇవ్వదు. వేళ్లు నొప్పిగా ఉంటే ఒక మెట్టు సన్నవి వేసుకోవచ్చు. ఒకే స్వరానికి తీగ బిగువు మందం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒకటో తీగ అంగుళంలో వెయ్యోవంతు సన్నబడి 12 నుంచి 11 అయితే బిగువు 16 శాతం తగ్గుతుంది. మోత కొంచెం పల్చబడుతుంది, అది ఒప్పుకోవాలి. వాద్యాన్ని ఇచ్చినట్టే వాడాలన్న నియమం మనవాళ్లకెప్పుడూ లేదు. నాలుగు జంటతీగల మాండొలిన్‌ని ఐదు ఒంటితీగలకి మార్చుకుని కర్ణాటక సంగీతమంతా దాని మీద పలికించాడు పాలకొల్లు శ్రీనివాస్.

శ్రుతి నిలవడం లేదని కీలు మార్చేసేవాళ్లు కూడా ఒకసారి నట్‌నే చూడాలి. కీ తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, ఒక్కసారిగా 'టింగ్'మని పైకి ఎగిరితే తీగ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. పెన్సిల్ ముల్లు పొడి గాడిలో రాస్తే చాలావరకు పోతుంది. గ్రాఫైట్ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, తీగ వాటి మీద జారుతుంది.

ఇంత సర్దాక కూడా ఏడాది పొడవునా అలాగే ఉంటుందనుకోవద్దు. కర్ర తేమని పీల్చి నారకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గిటార్లకి హాయైన తేమ 45 నుంచి 55 శాతం. వానాకాలం సముద్రపు ఊళ్లలో పైపలక ఉబ్బి బ్రిడ్జిని పైకెత్తుతుంది, యాక్షన్ పెరుగుతుంది. అదే గిటారు వేసవిలో హైదరాబాద్ కూలర్ లేని గదిలో పడుంటే పలక దిగి తీగలు బర్రుమంటాయి, మెడ కర్ర ముడుచుకుని ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటాయి. ప్లైవుడ్‌లో ఈ కదలిక తక్కువ, కానీ లేకపోలేదు. పొడి ఊళ్లలో చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్క వేసి గిటారు సంచిలో పెడతారు, ఉక్క ఊళ్లలో సిలికా జెల్ పొట్లాలు. మే నెలలో ఎండలో ఆపిన కారులో మాత్రం ఏ పెట్టె పెట్టినా ఉపయోగం లేదు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది.

ఏడాదిలో తేమ బాగా మారే ఊళ్లలో ఉన్నవాళ్లు రెండు శాడిళ్లు పెట్టుకోవడం ఉంది. అరగదీయడానికి ఫ్యాక్టరీది వాడకుండా వేరే కొని దాన్ని దించుకోవాలి. పొట్టిది వానలకి, పొడుగుది వేసవికి. తీగలు వదులుచేసి ఒకటి తీసి ఇంకోటి గాడిలో పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఏది ఏ కాలానిదో అడుగున పెన్సిల్‌తో రాసుకుంటే మంచిది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.